బండి స్టార్ట్ కాకపోతే ఎక్కడ వెతకాలి? విశాఖలో కారు కరెంటు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గాజువాక ఆటోనగర్‌లో కార్ల కరెంటు పని చేస్తాను. పొద్దున్న షట్టర్ ఎత్తకముందే ఫోన్లు మొదలవుతాయి. "బాబూ, బండి లెగట్లేదు" అన్నదే సగం ఫోన్ల సారాంశం. చెప్పిందే చెప్పి చెప్పి, ఇక రాసి పెడితే పోలా అనిపించింది. ఇందులోని కొలతలన్నీ 12 వోల్టుల బ్యాటరీ ఉన్న పెట్రోలు, డీజిలు కార్లవి.

కీ తిప్పితే "టక్" మంటోంది, సెల్ఫ్ తిరగట్లేదు. కొత్త బ్యాటరీ వేయించేయమంటారా?

తొందరపడకండి. ముందు ఆ శబ్దం ఎలా ఉందో చెవి పెట్టి వినండి. టకటకటకమని వరసగా కొట్టుకుంటుంటే కరెంటు చాలట్లేదని అర్థం. బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా టెర్మినల్ వదులై ఉండాలి. ఒక్కసారి గట్టిగా "టక్" మని ఊరుకుంటే సోలినాయిడ్ (సెల్ఫ్ మోటార్ మీదుండే కరెంటు అయస్కాంతం) లాగుతోంది గానీ మోటార్‌లోకి కరెంటు వెళ్లట్లేదు. సెల్ఫ్ మోటార్‌లో కార్బన్లు (తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు) అరిగిపోయి ఉండొచ్చు, ఎర్త్ (కరెంటు బాడీ, ఇంజన్ లోహం గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి) పోయి ఉండొచ్చు. అసలు చప్పుడే లేదంటే ఇగ్నిషన్ స్విచ్, సెల్ఫ్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్), క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్ చూడాలి. ఆటోమేటిక్ బండి అయితే గేరు పార్కింగ్‌లోనో న్యూట్రల్‌లోనో ఉందో లేదో చూసుకోండి. ఈ చివరి కారణానికి బండిని టోయింగ్‌లో తెప్పించుకున్నవాళ్లూ ఉన్నారు, పేర్లు చెప్పను.

ఇంకో చిన్న పరీక్ష. లోపలి లైటు వేసి సెల్ఫ్ కొట్టండి. లైటు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ వైపు వెళ్లండి. లైటు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూనే ఉంటే బ్యాటరీని అనుమానించకండి, కరెంటు సెల్ఫ్ దాకా చేరట్లేదు.

వోల్టులు కొలిచే మీటర్ (మల్టీమీటర్) ఉంటే పని ఇంకా తేలిక. రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ మీద 12.6 వోల్టులు వస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 11.8కి దిగిందంటే ఖాళీ. అయితే ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించే బ్యాటరీ కూడా సెల్ఫ్ కొట్టగానే కూలబడొచ్చు. అందుకే సెల్ఫ్ కొడుతూ ఇంకొకరిచేత కొలిపించండి. 9.6 కంటే కిందికి పడిపోతే, అదీ నిండుగా చార్జ్ చేశాక కూడా పడిపోతే, అప్పుడు బ్యాటరీ మార్చండి.

ఇక ఇక్కడ నేను ఎక్కువగా చూసే జబ్బు ఎర్తింగ్. లాసన్స్ బే కాలనీ నుంచి ఒక మేడమ్ రెండేళ్లలో మూడో బ్యాటరీ కొనడానికి సిద్ధపడి వచ్చారు. బ్యాటరీ 12.5 ఉంది. మీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర వైరు ఇంజన్ లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాను. 1.6 వోల్టులు చూపించింది. అక్కడ 0.2కి మించి రాకూడదు. అంటే వోల్టున్నర దారిలోనే ఆవిరైపోతోంది. గేర్‌బాక్స్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ వైరు పైకి బాగానే కనిపిస్తోంది. స్లీవ్ కోసి చూస్తే లోపల రాగి పోగులన్నీ పచ్చగా చిలుము పట్టి, వేలితో నలిపితే పొడి పొడిగా రాలాయి. కొత్త వైరుకి లగ్గు కొట్టి, బోల్టు కింద రంగు గీకి బిగించాం. పాత బ్యాటరీతోనే బండి ఇంటికెళ్లింది.

ప్లస్ వైపు కూడా ఇదే పద్ధతి. బ్యాటరీ ప్లస్ స్తంభం మీద ఒక వైరు, సెల్ఫ్ మోటార్ లావు బోల్టు మీద ఇంకొకటి పెట్టి సెల్ఫ్ కొడితే అర వోల్టు లోపే చూపించాలి.

సముద్రం దగ్గర ఉంటే వైరింగ్ త్వరగా పోతుందంటారు, నిజమేనా?

నిజమే. ఉప్పుగాలిలో తేమ ఉంటుంది. ఆ తేమ టెర్మినల్ సందుల్లో చేరి ఉప్పునీటి పొర కడుతుంది. రాగి, సీసం, ఇనుము మూడూ ఒకచోట కలిసి ఉంటే మధ్యలో ఆ పొర చిన్న బ్యాటరీలా పనిచేసి లోహాన్ని తినేస్తుంది. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి వచ్చే బండ్లకీ, పెందుర్తి నుంచి వచ్చే బండ్లకీ తేడా బానెట్ ఎత్తగానే తెలిసిపోతుంది.

ఆరు నెలలకొకసారి ఇలా చేయండి. మైనస్ టెర్మినల్ ముందు ఊడదీయండి, తర్వాత ప్లస్. గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్ల పొడి మీద పోస్తే బుసబుస పొంగి కరిగిపోతుంది. సోడా నీళ్లు మాత్రం బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. మంచినీళ్లతో కడిగి, ఆరాక గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. అంతా బిగించాక పైన వాసెలిన్ పూయండి. గ్రీజు కంటే నాకు అదే నచ్చుతుంది.

సర్వీస్ సెంటర్‌లో ఇంజన్‌ని ప్రెషర్ నీళ్లతో కడుగుతామంటే వద్దనండి. కడిగిన మర్నాడు నా దగ్గరికి వచ్చే బండ్లు తక్కువేం కాదు.

సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవట్లేదు. ఎక్కడ చూడాలి?

పెట్రోలు ఇంజన్ అందుకోవాలంటే పెట్రోలు, గాలి, మంట మూడూ వేళకి అందాలి. కీ ఆన్‌లో పెట్టగానే వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు సన్నగా "జూ" మని వినిపిస్తుంది. అది పెట్రోలు పంపు. ఆ చప్పుడు లేకపోతే పంపు ఫ్యూజ్, పంపు రిలే చూడండి. హారన్ రిలే అదే సైజుదైతే అటుదిటు మార్చి చూడొచ్చు. పైసా ఖర్చు లేని పరీక్ష.

పంపు వినిపిస్తే సెల్ఫ్ కొడుతూ మీటర్ బోర్డులో ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా బండ్లలో అది కాస్తయినా కదులుతుంది. సున్నా దగ్గరే అతుక్కుపోతే క్రాంక్ సెన్సార్ (ఇంజన్ తిరుగుతోందని బండి కంప్యూటర్‌కి చెప్పేది) మీద నా అనుమానం. ఆ సెన్సార్ చేసే అల్లరి ఒకటుంది. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉంటుంది, వేడెక్కితే సంకేతం ఆపేస్తుంది. సింహాచలం కొండ ఎక్కాక పైన బండి ఆగిపోయి, దర్శనం చేసుకుని వచ్చేసరికి మళ్లీ స్టార్ట్ అయిందంటే అప్పన్న మహిమ కాదనను గానీ, కిందికి దిగాక ఆ సెన్సార్ కూడా చూపించండి.

ప్లగ్గు ఊడదీసి, వైరు తగిలించి, బాడీకి ఆనించి మంట చూసే పాత పద్ధతి కొత్త బండ్లకి వద్దు. కాయిల్ (ప్లగ్గులో మంటకి కావాల్సిన వోల్టేజీ పుట్టించేది) నుంచి 20 వేల వోల్టులకి పైనే వస్తుంది. చేతికి తగిలితే విసిరికొడుతుంది, గుండె జబ్బున్నవాళ్లకి ప్రాణం మీదికి వస్తుంది. పైగా దారి దొరకని ఆ వోల్టేజీ కాయిల్‌నో కంప్యూటర్‌నో కాల్చేస్తుంది. స్పార్క్ టెస్టర్ అని దొరుకుతుంది, అది వాడండి.

మీటర్ బోర్డులో తాళంచెవి బొమ్మ గబగబా మెరుస్తోంది.

ఇమ్మొబిలైజర్ (దొంగ కీతో ఇంజన్ లేవకుండా ఆపే ఏర్పాటు) మీ కీని గుర్తుపట్టలేదు. కీ తలలో చిన్న చిప్ ఉంటుంది. రెండో కీతో ప్రయత్నించండి. అదే గుత్తిలో ఇంకో కారు కీ ఉంటే విడదీయండి, రెండు చిప్‌లు ఒకచోట ఉంటే ఒకదానికొకటి అడ్డొస్తాయి. బజారులో కోయించిన నకలు కీ తలుపు తీస్తుంది, చిప్ లేకపోతే ఇంజన్ని మాత్రం లేపదు.

పాత బండికి ఇగ్నిషన్ స్విచ్ మారుస్తున్నాను. వెనక వైర్లు ఎలా కలపాలి?

రంగులు నమ్మొద్దు. కంపెనీకో రంగు, ముప్పై ఏళ్లలో ఎంతమంది చేతులు పెట్టారో దేవుడికెరుక. స్విచ్ మీద అంకెలుంటే అవి నమ్మండి. 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, కీ లేకపోయినా కరెంటు ఉంటుంది. 15 అంటే ఇగ్నిషన్, 50 అంటే సెల్ఫ్‌కి వెళ్లేది. 31 ఎక్కడ కనిపించినా అది ఎర్త్. ఇవి జర్మన్ల లెక్కలు, మన బండ్లలోనూ చాలావాటికి ఇవే వాడారు.

అంకెల్లేకపోతే స్విచ్‌ని వైర్ల నుంచి విడిగా తీసి, మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, కీ ఒక్కో మెట్టు తిప్పుతూ ఏది దేనితో కలుస్తోందో కాగితం మీద రాసుకోండి. మూడు మెట్లకీ అంటుకుని ఉండేది 30. సెల్ఫ్ మెట్టులో మాత్రమే కలిసేది 50. ఆన్‌లోనూ సెల్ఫ్‌లోనూ రెండింటిలో ఉండేది 15. మొదటి మెట్టులో ఉండి, ఆన్‌లోనూ ఉండి, సెల్ఫ్ కొట్టేటప్పుడు తెగిపోయేది ఏసీసీ, అంటే పాటల పెట్టె లాంటివాటికి. ఉన్న కరెంటంతా సెల్ఫ్‌కి ఇవ్వాలని ఆ క్షణానికి మిగతావాటిని స్విచ్ పక్కన పెట్టేస్తుందన్నమాట.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. కాయిల్ వైరుని 15కి బదులు ఏసీసీకి కడతారు. సెల్ఫ్ ఎంతసేపు తిరిగినా ఇంజన్ పలకదు, విసుగొచ్చి కీ వదిలేసిన క్షణంలో గుప్పున అందుకుంటుంది. దీనికి సరిగ్గా తిరగబడ్డ లక్షణం ఇంకొకటి: సెల్ఫ్ కొడుతుండగా అందుకుంటుంది, కీ వదలగానే చచ్చిపోతుంది. అప్పుడు స్విచ్‌లో ఆన్ మెట్టు కాంటాక్ట్ కాలిపోయి ఉండాలి, లేదా కాయిల్‌కి ముందున్న బల్లాస్ట్ రెసిస్టర్ తెగి ఉండాలి. ఆ రకం బండ్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్‌కి రెసిస్టర్‌ని తప్పించి నేరుగా కరెంటు వెళ్తుంది, కీ వదిలాక రెసిస్టర్ గుండా వెళ్తుంది. ఈ రెండు లక్షణాల్లో మీది ఏదో ఫోన్లో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

మా నాన్నగారి అంబాసిడర్ వానాకాలం వస్తే మొరాయిస్తుంది.

డెల్కో (ప్లగ్గులకి మంట పంచే డిస్ట్రిబ్యూటర్) మూత తీసి లోపల చూడండి. తేమ చేరితే మంట ప్లగ్గుకి వెళ్లకుండా మూత గోడ వెంట జారుకుంటుంది. అలా జారిన చోట పెన్సిల్ గీతలా సన్నని నల్ల చార పడుతుంది. చార పడితే తుడిచినా లాభం లేదు, మూత మార్చాలి. తేమ మాత్రమే అయితే పొడిబట్టతో తుడిస్తే చాలు.

తర్వాత ఆ డెల్కో లోపలే ఉండే పాయింట్లు, అంటే కాయిల్ కరెంటుని కలిపి తెంచేవి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు మధ్య సందు దాదాపు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్లు తెరుచుకుంటున్నప్పుడు పెద్దగా నీలిమంట మెరుస్తుంటే కండెన్సర్ పోయింది. అది చిన్నదే గానీ, అది పోతే పాయింట్లు వారంలో కాలిపోతాయి. హెచ్‌టీ వైర్లు (డెల్కో నుంచి ప్లగ్గులకి వెళ్లేవి) తీశారా, తిరిగి పెట్టేటప్పుడు మంట వరస, అంటే సిలిండర్లు మండే క్రమం 1-3-4-2. గుర్తుండదనుకుంటే తీసేముందే ఫోన్లో ఫోటో తీసుకోండి. ఆ బండి తయారీ 2014లో ఆగిపోయింది, సామాను కోసం పాత సామాన్ల కొట్లు తిరగాల్సిందే, కాబట్టి ఉన్న మూతని జాగ్రత్తగా చూసుకోండి.

అరకు ఘాట్‌లో పొగమంచు ఉంటుంది కదా, ఫాగ్ లైట్లు వేసుకుంటాను. రిలే తప్పనిసరా?

తప్పనిసరి. లెక్క చూడండి: 55 వాట్ల బల్బులు రెండు, అంటే 110 వాట్లు. 12తో భాగిస్తే తొమ్మిది ఆంపియర్ల పైనే. డాష్‌బోర్డు మీది చిన్న స్విచ్‌కి అంత కరెంటు ఇస్తే అది వేడెక్కి కరుగుతుంది. రిలే పెడితే స్విచ్ మోసేది ఆంపియర్‌లో చిన్న భాగమే.

రిలే కింద నాలుగు కాళ్లుంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజ్ గుండా వచ్చే లావు వైరు 30కి. 87 నుంచి లైట్లకి. 86కి స్విచ్ నుంచి వచ్చే సన్న వైరు, 85కి ఎర్త్. ఐదో కాలు 87ఏ అని ఉంటే దాన్ని ఖాళీగా వదిలేసి టేపు చుట్టండి. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది, ఫ్యూజ్ 15 ఆంపియర్లది. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. లైటు దగ్గర ఫ్యూజ్ పెడితే మధ్యలో వైరు ఎక్కడైనా బాడీకి రాసుకున్నప్పుడు దానికి కాపలా లేనట్టే. బాడీ రేకులోంచి వైరు దూర్చేచోట రబ్బరు గ్రోమెట్ లేకుండా ఎవరైనా లాగేస్తుంటే ఆపండి, డబ్బులిచ్చేది మీరు.

హెడ్‌లైట్‌లో 60/55 వాట్ల బల్బు తీసి 100/90 వేయించుకుంటామంటారు. హోల్డర్ కరిగి పసుపుపచ్చగా మారాక మళ్లీ నా దగ్గరికే వస్తారు. ఎదుటి బండివాడి కళ్ల సంగతి సరేసరి.

ఒకటే ఫ్యూజ్ పదే పదే పోతోంది. కొంచెం పెద్దది వేస్తే?

వేస్తే ఫ్యూజ్ మిగులుతుంది, వైరు కాలుతుంది. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఏ రంగు తీశారో ఆ రంగే పెట్టండి. సిగరెట్ రేకు చుట్టి పెట్టిన ఫ్యూజ్ ఒకటి నా బల్ల సొరుగులో ఉంది, వచ్చిన కుర్రాళ్లకి చూపిస్తుంటాను.

షార్ట్ ఎక్కడుందో పట్టుకోవడానికి పది ఫ్యూజులు కాల్చనక్కర్లేదు. ఆ ఫ్యూజ్ స్థానంలో 21 వాట్ల ఇండికేటర్ బల్బుని రెండు వైర్లతో తగిలించండి. ఆ లైన్లో ఉన్న సామానంతా ఆపేయండి. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది. ఇప్పుడు వైరు కట్టల్ని ఒక్కోచోట కదుపుతూ వెళ్లండి. ఎక్కడ కదిపినప్పుడు బల్బు ఆరుతుందో దొంగ అక్కడే. డిక్కీ తలుపు మడత దగ్గర, డ్రైవర్ తలుపు రబ్బరు గొట్టంలో, ఎక్కువసార్లు అక్కడే దొరుకుతాడు.

అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకల బెడద కూడా ఎక్కువే. వెచ్చగా ఉంటుందని రాత్రి ఇంజన్ మీదికి చేరతాయి. కొరికిన వైరుకి టేపు ఒక్కటే చుట్టి సరిపెట్టొద్దు. టంకం వేసి, పైన హీట్ స్లీవ్ వేయాలి. లేదంటే మన తేమకి మూడు నెలల్లో అక్కడ చిలుము పుడుతుంది.

మా ఆయన నేవీలో. సెయిలింగ్‌కి వెళ్లి వచ్చేసరికి ప్రతిసారీ బ్యాటరీ చచ్చిపోయి ఉంటోందండీ.

తాళం వేసిన బండి కూడా కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు మామూలే. అంతే తాగినా రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నెల తిరగకుండా ఖాళీ. నెలల తరబడి ఆపేటట్టయితే మైనస్ టెర్మినల్ ఊడదీసి వెళ్లమనండి. తిరిగి కలిపాక గడియారం, కిటికీ అద్దాల ఆటో మళ్లీ సెట్ చేసుకోవాల్సి రావొచ్చు. బండి తాళం తలుపు కీతోనే తీయాల్సి వస్తుంది, అది గుర్తుంచుకోండి.

రెండు రోజులకే దిగిపోతుంటే మాత్రం ఏదో దొంగతనంగా తాగుతోంది. మీటర్‌ని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, మైనస్ టెర్మినల్‌కీ ఊడదీసిన వైరుకీ మధ్య కలపండి. తలుపులన్నీ మూసి అరగంట ఆగండి. కొత్త బండ్లలో కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత టైము పడుతుంది. అప్పటికీ 300, 400 మిల్లీ ఆంపియర్లు చూపిస్తుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీయండి. ఏది తీస్తే అంకె దభీమని పడిందో ఆ లైన్లో ఉంది. నా అనుభవంలో ముందు వరసలో ఉండేవి బయట వేయించిన స్టీరియో, డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్. ఏ ఫ్యూజ్ తీసినా తగ్గకపోతే డైనమోలో (ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో) డయోడ్ పోయి ఉండొచ్చు. మీటర్ కలిపి ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టకండి, మీటర్ లోపలి ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

డైనమో చార్జ్ చేస్తోందో లేదో తెలుసుకోవాలంటే, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడాలంటారు కదా?

పాతకాలపు మేస్త్రీల పద్ధతి అది. ఇప్పటి బండికి అలా చేస్తే డైనమో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి కంప్యూటర్‌ని కాల్చేస్తుంది. మీటర్ పెట్టి చూడండి, ఇంజన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. 15 దాటి అక్కడే నిలిచిపోతే రెగ్యులేటర్ (డైనమో వోల్టేజీని అదుపులో ఉంచేది) పోయింది, బ్యాటరీ ఉడికిపోతుంది. కొన్ని కొత్త బండ్లు పెట్రోలు ఆదాకి కావాలనే కాసేపు 13 లోపు చూపిస్తాయి. హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడండి.

బ్యాటరీ దిగిపోయింది, పక్కనే లారీ ఉంది. దాన్నుంచి జంపర్ వైర్లతో కరెంటు తీసుకోవచ్చా?

వద్దు, వద్దు, వద్దు. పోర్టుకీ స్టీల్ ప్లాంటుకీ తిరిగే ఆ పెద్ద లారీలవి 24 వోల్టులు. కారు నుంచే తీసుకోండి. ఎర్ర వైరు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరి కొస మీ ఇంజన్ లోహానికి, బ్యాటరీకి దూరంగా. కలిపినప్పుడు రవ్వ ఎగురుతుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, అందుకే ఆ దూరం. ఐదు నిమిషాలాగి సెల్ఫ్ కొట్టండి.

తుపాను వానకి బండి సీటుదాకా మునిగింది. ఇప్పుడు స్టార్ట్ చేసి చూడనా?

కీ ఆన్ కూడా చేయొద్దు. మైనస్ ఊడదీసి, ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పి, టోయింగ్‌లో పంపండి. ఇంజన్‌లో నీళ్లుంటే సెల్ఫ్ కొట్టిన దెబ్బకి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తడిసిన కనెక్టర్లలో కరెంటు పారిందంటే ఒక్కరోజులో కాళ్లు తినేస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఊళ్లో వారంపైన కరెంటు లేదు. మాకు మాత్రం నెలల తరబడి పనే. నీళ్లు తగలకపోయినా ఉప్పుజల్లు కొట్టిన బండ్లు మరుసటి ఏడాది దాకా ఒకటొకటిగా వస్తూనే ఉన్నాయి. ఒకరోజు ఒక ఇండికేటర్, ఇంకోరోజు ఒక అద్దం.

ఏవి నేను ముట్టుకోకూడదు?

స్టీరింగ్ దగ్గర, సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. మీటర్ కూడా పెట్టొద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు లావు వైర్లుంటే అవి వందల వోల్టులవి, నేను కూడా ముట్టుకోను, ఆ శిక్షణ ఉన్నవాళ్లకే పంపుతాను. కంప్యూటర్ వైర్ల మీద బల్బు టెస్టర్ గుచ్చకండి, మీటర్ వాడండి.

డిక్కీలో ఏం ఉంచుకోమంటారు?

10 నంబరు స్పానర్, నాలుగు రంగుల ఫ్యూజులు, లావుపాటి జంపర్ వైర్లు, ఒక టేపు, టార్చి. వీటితోపాటు మామూలు డిజిటల్ మీటర్. ఖరీదైనది అక్కర్లేదు, కాకపోతే అందులో ఉండే 9 వోల్టుల చిన్న బ్యాటరీ ఏడాదికోసారి మార్చండి. ఒక పొద్దున్న వరసగా వచ్చిన మూడు బండ్లకి 16 వోల్టుల చార్జింగ్ చూపించింది. మొదటి బండికి రెగ్యులేటర్ విప్పేశాను కూడా. మూడో బండి దగ్గర గానీ తట్టలేదు, దిగిపోయింది నా మీటర్ బ్యాటరీ అని. విప్పిన రెగ్యులేటర్ బిగించి, ఆ మొదటి బండాయన దగ్గర కూలి తీసుకోకుండా పంపాను.